చదువుకునే బిడ్డకు సద్ది



మన యాదగిరిగుట్టలో తెల్లారక ముందే వాడ లేస్తుంది. కొందరు కొబ్బరికాయలు, పూలు అమ్మడానికి పోతారు. కొందరు హోటళ్లలో, సత్రాలలో పనికి పోతారు. కొందరు చుట్టుపక్కల ఊళ్లకు కూలికి పోతారు. శనివారం, ఆదివారం గుట్టకు జనం ఎక్కువ. ఆ రోజుల్లో పొయ్యి కాడ నిలబడే తీరిక కూడా ఉండదు.

అదే పొద్దున మన బిడ్డ కాలేజీకి తయారవుతుంది. కొందరు పిల్లలు ఇక్కడే చదువుతారు. కొందరు బస్సెక్కి భువనగిరికి పోతారు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సు ఖర్చు తప్పింది. మరి పగటి అన్నం సంగతి ఏమిటి?

"ఆలస్యమైతున్నది అమ్మా, సద్ది వద్దు" అని బిడ్డ ఉరుకుతుంది. పగలు ఒక సమోసా, ఒక చాయ్. ఒక్కోరోజు అదీ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి తల పట్టుకొని పడుకుంటుంది. పుస్తకం తీయదు. "దీనికి చదువు మీద ధ్యాస లేదు" అంటారు ఇంట్లో. "ఇంకెందుకు చదువు, పెండ్లి చేద్దాం" అనే మాట కూడా వస్తుంది.

ఆ మాట అనే ముందు ఒక్కసారి బిడ్డ సద్ది గిన్నె చూడాలి. ఈ పాఠం దాని గురించే.

ఆకలి, రక్తం, చదువు

మన ఒంట్లో రక్తం ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపుకు ఇనుము కావాలి. ఇనుము తక్కువైతే రక్తం పలచబడుతుంది. దీన్నే రక్తహీనత అంటారు. మనం "రక్తం తక్కువున్నది" అంటాం.

2019 నుండి 2021 వరకు ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. 15 నుండి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100 మందికి 57 మందికి రక్తం తక్కువ ఉన్నట్టు తేలింది. అంటే సగం కంటే ఎక్కువ. ఎదిగే ఆడపిల్లలకు ఇనుము ఎక్కువ కావాలి. నెలనెలా రక్తం పోతుంది. ఒళ్లు కూడా పెరుగుతుంది. అందుకే వాళ్లకు కష్టం ఎక్కువ.

రక్తం తక్కువైతే ఏమవుతుంది?
మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది.
కళ్లు తిరుగుతాయి.
కంటి కింది రెప్ప లోపల ఎర్రగా ఉండదు, తెల్లబడుతుంది.
ఎప్పుడూ నిద్ర వస్తున్నట్టు ఉంటుంది.
చదివింది మనసుకు పట్టదు.

చూశారా! బిడ్డ సోమరి కాకపోవచ్చు. మొద్దు కాకపోవచ్చు. ఒంట్లో శక్తి లేకపోవచ్చు.

బడిలో పెట్టే పగటి అన్నం విలువ మనకు తెలుసు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడి పిల్లలకు వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది మొదలైంది. పది దాటి కాలేజీకి పోయాక చాలామంది పిల్లలకు ఇంటి సద్దే దిక్కు. సరిగ్గా ఆ వయసులోనే సద్ది మానేస్తున్నారు.

సద్దిలో ఏముండాలి?

సద్ది అంటే కడుపు నింపేది మాత్రమే కాదు. అందులో మూడు రకాలు ఉండాలి.

ఒకటి, బలం ఇచ్చేది. అన్నం, జొన్న రొట్టె, సజ్జ రొట్టె, తైద రొట్టె.

రెండు, కండ పెంచేది. పప్పు, పెసర్లు, బొబ్బర్లు, శనగలు, పల్లీలు, కోడిగుడ్డు, పెరుగు. వీటిలో మాంసకృత్తులు ఉంటాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 100 గ్రాముల పల్లీలలో సుమారు 24 గ్రాములు ఉంటాయి.

మూడు, రోగం రాకుండా కాపాడేది. మునగాకు, తోటకూర, పాలకూర, పుంటికూర, నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ.

మన పెద్దలు జొన్నలు, సజ్జలు తిన్నారు. ఇప్పుడు మూడు పూటలా తెల్ల అన్నమే అయింది. 100 గ్రాముల సజ్జల్లో ఇనుము సుమారు 6 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రాగులు అంటే మన తైదలు. 100 గ్రాముల తైదల్లో ఎముకకు కావలసిన కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ గింజలో ఏముందో ఆ సంస్థ పరీక్షించి పుస్తకాలు వేస్తుంది.

ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆకుకూరలో, గింజలో ఉన్న ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. పులుపు తోడైతే బాగా పడుతుంది. అందుకే సద్దిలో నిమ్మచెక్క పెట్టండి. జామకాయ అయినా సరే. చాయ్ మాత్రం ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. అన్నం తిన్న గంట దాకా చాయ్ తాగకూడదు.

తొందరగా అయ్యే సద్దులు

ఇవి మనకు తెలిసిన వంటలే. రాత్రి కొంచెం సిద్ధం చేసుకుంటే పొద్దున తొందరగా అవుతాయి.

1. ఆకుకూర కిచిడి
ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడగండి. కుక్కర్లో కొంచెం నూనె పోసి జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయండి. రెండు గుప్పెళ్ల పాలకూర కోసి వేయండి. పసుపు, ఉప్పు వేసి నాలుగు గ్లాసుల నీళ్లు పోయండి. మూడు నాలుగు విజిల్స్ వస్తే చాలు. అన్నం, పప్పు, కూర అన్నీ ఒకే గిన్నెలో అయినట్టు.

2. రొట్టెలో గుడ్డు
జొన్న పిండిని వేడి నీళ్లతో పిసకండి. రొట్టె విరగదు. ఉల్లిగడ్డ, టమాట, కొత్తిమీర వేయించి, అందులో గుడ్డు కొట్టి పొరటు చేయండి. దాన్ని రొట్టె మీద పెట్టి చుట్టండి. నూలు గుడ్డలో మూట కడితే మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటుంది. చెయ్యి కడుక్కుంటే చాలు, తినేయవచ్చు.

3. గుడాలు
రాత్రి ఒక గుప్పెడు బొబ్బర్లో, శనగలో నానబెట్టండి. పొద్దున కుక్కర్లో ఉడకబెట్టండి. ఉల్లిగడ్డ, కరివేపాకుతో తాలింపు వేయండి. పైన నిమ్మకాయ పిండండి. పండుగనాడు, జాతరలో తినే గుడాలే ఇవి. రోజూ కూడా తినవచ్చు.

4. నిమ్మకాయ పులిహోర
గుట్ట మీద ప్రసాదం పులిహోర తినని వాళ్లు మనలో ఎవరు? అది చింతపండుది. ఇంట్లో తొందరగా కావాలంటే నిమ్మకాయది చేయండి. వేడి అన్నం ఆరబెట్టండి. శనగపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి, పసుపు తాలింపు వేయండి. పల్లీలు మాత్రం రెండు గుప్పెళ్లు వేయండి. పల్లీలు తక్కువైతే అది ఉత్త అన్నమే. పొయ్యి ఆపినాక నిమ్మకాయ పిండండి.

5. సర్వపిండి
కొందరు దీన్ని తపాలచెక్క అంటారు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉప్పు కలపండి. తరిగిన మునగాకు కూడా వేయండి. గిన్నెకు నూనె రాసి పిండి అద్దండి. మూత పెట్టి సన్న మంట మీద కాల్చండి. ఇది చల్లారినా రుచి తగ్గదు.

వారం సద్ది పట్టిక

ఈ పట్టికను గోడకు అంటించండి. రోజూ చదవండి.

సోమవారం: పాలకూర కిచిడి, పెరుగు, నిమ్మచెక్క.
మంగళవారం: జొన్న రొట్టె, గుడ్డు పొరటు, టమాట.
బుధవారం: అన్నం, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ.
గురువారం: బొబ్బర గుడాలు, సజ్జ రొట్టె, జామకాయ.
శుక్రవారం: మునగాకు సర్వపిండి, పెరుగు, నిమ్మచెక్క.
శనివారం: నిమ్మకాయ పులిహోర, ఉడికిన గుడ్డు.

శనివారం గుడ్డు తినని ఇండ్లలో శనగ గుడాలు పెట్టండి.

సద్ది చెడిపోకుండా

పొద్దున వండిందే పెట్టండి. రాత్రి మిగిలిన కూర డబ్బాలో పెట్టవద్దు. ఎండాకాలం పగటికి అది పాచిపోతుంది. అన్నం కొంచెం ఆరనిచ్చి మూత పెట్టండి. స్టీలు డబ్బా మంచిది. పులుపు కూరలు సిల్వర్ గిన్నెలో ఉంచవద్దు. వేడి అన్నం పాత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టవద్దు. కూర ఇనుప కడాయిలో వండితే కూరలోకి కొంచెం ఇనుము దిగుతుంది. మూలన పడేసిన పాత కడాయిని మళ్లీ తీయండి.

లెక్క వేద్దాం

బిడ్డ బయట రోజుకు 40 రూపాయలు ఖర్చు పెడుతుంది అనుకుందాం. నెలలో 24 రోజులు కాలేజీ ఉంటుంది.
40 × 24 = 960 రూపాయలు.

ఇప్పుడు ఇంటి లెక్క మీరే వేయండి. ఒక గుడ్డు ధర ఎంత? కిలో పల్లీలు ఎంత? కిలో జొన్నలు ఎంత? కిరాణ దుకాణంలో అడిగి పలకమీద రాయండి. వారం సద్దికి ఎంత అవుతుందో కూడండి. దాన్ని బయటి ఖర్చు పక్కన పెట్టి చూడండి. ఎంత మిగిలిందో బిడ్డకు కూడా చూపించండి.

ఇంట్లో చేసుకునే నాలుగు పనులు

ఖర్చు ఇంకా తగ్గాలంటే కొన్ని మనమే చేసుకోవాలి. తీరిక దొరికిన పూట, బిడ్డతో కలిసి చేయండి. ఇవి కొనే పనులు కావు. ఇంట్లో ఉన్నవే చాలు.

మొదటిది, సద్ది సంచి. పాత నూలు చీర ముక్కలు రెండు తీసుకోండి. మధ్యలో పాత బొంత ముక్క పెట్టండి. డబ్బా చుట్టుకొలత దారంతో కొలవండి. దాని కంటే నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి. మూడు వైపుల కుట్టండి. పైన పాత చున్నీ పట్టీ కుట్టి భుజానికి వేసేట్టు చేయండి. బొంత ముక్క ఉన్నందుకు అన్నం కొంతసేపు గోరువెచ్చగా ఉంటుంది. పప్పు కారినా పుస్తకాలు తడవవు.

రెండోది, పెరటి ఆకుకూర. పెరడు లేకున్నా ఫరవాలేదు. పగిలిన బకెట్టు, ఖాళీ బస్తా ఉంటే చాలు. అడుగున రంధ్రాలు చేయండి. మట్టి, పెంట ఎరువు కలిపి నింపండి. తోటకూర విత్తనాలు చల్లండి. నెల రోజుల్లో కోతకు వస్తుంది. మెంతికూర ఇంకా ముందే వస్తుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. సబ్బు నీళ్లు పోయవద్దు. జాగ ఉంటే మునగ కొమ్మ నాటండి. మణికట్టు మందం, మూడు నాలుగు అడుగుల పొడవు కొమ్మ చాలు. వానలు పడేటప్పుడు నాటితే తొందరగా నాటుకుంటుంది.

మూడోది, మునగాకు పొడి. మునగాకు కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సారం పోతుంది. ఒక గ్లాసు పల్లీలు, అర గ్లాసు నువ్వులు, పది ఎండుమిర్చి వేయించండి. ఎల్లిపాయ, చింతపండు, ఉప్పు వేసి ఆకుతో కలిపి దంచండి. పొడి సీసాలో పెట్టండి. రెండు వారాలు నిలువ ఉంటుంది. కూర వండని పొద్దున ఇదే ఆదుకుంటుంది. వేడి అన్నంలో రెండు చెంచాలు, కొంచెం నూనె, నిమ్మచెక్క. పక్కన పెరుగో, గుడ్డో ఉంటే మంచిది.

నాలుగోది, చల్ల కుండ. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆకుకూర ఒక్క రోజుకే వాడిపోతుంది. ఒక పెద్ద మట్టి కుండ తీసుకోండి. లోపల చిన్న కుండ పెట్టండి. రెండింటి మధ్య మూడు వేళ్ల సందు ఉండాలి. ఆ సందులో ఇసుక నింపి తడపండి. పైన తడి గుడ్డ కప్పండి. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. రోజుకు రెండుసార్లు ఇసుక తడపండి. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది కదా! ఇసుకలో తడి ఆరేటప్పుడు లోపలి కుండ కూడా అట్లనే చల్లబడుతుంది. మన ఎండాకాలం పొడి గాలికి ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలం అంతగా పనిచేయదు. ఆకుకూరలు, టమాటలు, వంకాయలు, నిమ్మకాయలు దాచుకోండి. పాలు, మాంసం, వండిన కూర పెట్టవద్దు. వాటికి ఈ చల్లదనం చాలదు.

ఈ కుండకు ఒక కథ ఉంది. ఆఫ్రికాలో నైజీరియా అనే దేశం ఉంది. అక్కడ మహమ్మద్ బా అబ్బా అనే పంతులు ఉండేవాడు. ఆయనది కుండలు చేసే కుటుంబం. ఆయన 1995 నుండి పల్లెల్లో ఈ కుండలు పంచాడు. మూడు రోజుల్లో చెడిపోయే వంకాయలు ఈ కుండలో 27 రోజులు నిలిచాయి. అప్పటి దాకా ఆ పల్లెల ఆడపిల్లలు రోజూ కూరగాయలు అమ్మను పోయేవాళ్లు. కూరగాయలు నిలువ ఉండటంతో ఆ తొందర తగ్గింది. పిల్లలకు బడికి పోయే వీలు దొరికింది. 2000లో ఆయనకు రోలెక్స్ అవార్డు ఇచ్చారు. రెండు మట్టి కుండలు ఆడపిల్ల చదువుకు అట్లా సాయపడ్డాయి.

నీళ్ల సీసా మరవద్దు

మనది పాత నల్లగొండ జిల్లా. 2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా అయింది. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ నీళ్లు గుర్తుకొస్తాయి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పండ్లు గోధుమ రంగుకు వస్తాయి. ఎముకలు వంగుతాయి. ఈ సంగతి ఎంత పెద్దదంటే, నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు పడింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో దాన్ని తయారుచేసింది. అందులో పటిక, సున్నం వాడతారు.

నీళ్లు కాచితే పురుగులు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. అందుకే బోరు నీళ్లు తాగకుండా, శుద్ధి చేసిన నల్లా నీళ్లు సీసాలో పోసి పంపండి. బోరు నీళ్లే దిక్కైతే పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో అడిగి పరీక్ష చేయించండి. తైదలు, నువ్వులు, పెరుగు, ఉసిరి తింటే ఎముకకు బలం.

దవాఖానకు ఎప్పుడు పోవాలి?

రక్తం చాలా తక్కువ ఉంటే తిండి ఒక్కటే సరిపోదు. ఆశా కార్యకర్తను అడగండి. సర్కారు దవాఖానలో రక్త పరీక్ష చేయించండి. ఎదిగిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. తక్కువ ఉంటే ఇనుము మాత్రలు ఇస్తారు. డాక్టరు చెప్పినట్టు అన్నం తిన్నాక వేసుకోవాలి. చాయ్‌తో వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు. అది మాత్ర రంగే.

కడుపులో నులిపురుగులు ఉన్నా రక్తం తగ్గుతుంది. 2015 నుండి నులిపురుగుల దినం జరుపుతున్నారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు మాత్రలు ఇస్తారు. 19 ఏళ్ల వరకు ఇస్తారు. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి.

అమ్మ కూడా తినాలి

చివరగా ఒక మాట. చాలా ఇండ్లలో మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, మిగిలింది అమ్మ తింటుంది. గుడ్డు కొడుకుకు, చారు బిడ్డకు. ఇది సరైంది కాదు. కొడుకుకు గుడ్డు పెడితే బిడ్డకూ పెట్టాలి. సద్ది కట్టేటప్పుడు మీకూ ఒక గిన్నె కట్టుకోండి. బండి కాడికో, కూలికో తీసుకుపోండి. ఆ 57 మందిలో మనం కూడా ఉన్నాం కదా!

సద్ది కట్టే పని కూడా అమ్మ ఒక్కతే చేయనక్కరలేదు. అయ్య పల్లీలు వేయించవచ్చు. తమ్ముడు మునగాకు దూయవచ్చు. బిడ్డ రాత్రి గింజలు నానబెట్టవచ్చు.

మాట్లాడుకుందాం, రాద్దాం

1. మీ బిడ్డ నిన్న పగలు ఏం తిన్నది? అడిగి రాయండి.
2. అందులో మూడు రకాలూ ఉన్నాయా?
3. మీ ఇంట్లో గుడ్డు ముందుగా ఎవరికి పెడతారు? ఎందుకు?
4. మీ పెరట్లో, గోడ పక్కన ఏ ఆకుకూర వేయగలరు?
5. రేపటి సద్దికి కావలసిన సామాన్లు ఐదు పేర్లు రాయండి. ఆ కాగితం పట్టుకొని దుకాణానికి పోండి. మీరే చదివి సామాన్లు తీసుకోండి.